అమ్మోనియా నుండి ఉదజని: లోహము నిలిచేదెట్లా?



నాటాల్ చెరకు తోటలతో మన తాత ముత్తాతలకు గల సంబంధం మీకు వేరే చెప్పనక్కరలేదు. ఈనాడు చెరకుకు వేసే యూరియా అమ్మోనియా నుండి తయారయ్యేదే. అదే అమ్మోనియా ఉదజనిని మోసే బండిగా కూడా పనికివస్తుందని మనవి చేయడానికి వచ్చాము.

ఉదజనిని ద్రవంగా మార్చాలంటే సున్నాకు దిగువన 253 డిగ్రీల చలి కావాలి. అమ్మోనియాకు 33 చాలు. దాని బరువులో నూటికి 17 పాళ్ళకు పైగా ఉదజనియే. కనుక ఓడలో పంపడం సుళువు. చిక్కంతా రేవు చేరాక దానిని విడగొట్టడంలోనే ఉన్నది. అందుకు వేడి కావాలి, లోహపు ఉత్ప్రేరకమూ కావాలి.

ఈ పనిలో మిక్కిలి చురుకైన లోహం రుతీనియం. అది మన కాళ్ళ క్రిందనే ఉన్నది సుమండీ! బుష్‌వెల్డ్ గనులలో ప్లాటినంతో పాటు దొరుకుతుంది. ప్రపంచానికి అందే రుతీనియంలో అధిక భాగం ఈ దేశానిదే. అయితే ప్లాటినం తవ్వినంత మేరకే అదీ వస్తుంది, కావాలన్నప్పుడు పెంచుకోలేము. ఖరీదూ ఎక్కువే.

మరి చౌక లోహాలో? ఇనుము నత్రజనిని పట్టుకుంటే ఒక పట్టాన వదలదు. నికెల్ వదులుతుంది గాని, రుతీనియం 450 డిగ్రీల ప్రాంతాన చేసే పనికి అది సాధారణంగా 600 దాటాలంటుంది. అసలు బాధ అక్కడే. పని జరిగేది లోహం పైపొరలోనే కాబట్టి, దానిని కంటికి కనబడనంత నలుసులుగా చేసి అల్యూమినా వంటి ఆధారం మీద పరుస్తారు. చారు మీద నూనె బొట్లు చూశారు గదా, చిన్నవి కలిసి పెద్దవౌతాయి. ఎడతెగని వేడిలో ఆ నలుసులూ అంతే. లోహం తగ్గదు, పైపొర తగ్గుతుంది.

అందుకే నలుసులను గట్టిగా పట్టి ఉంచే సీరియా, మెగ్నీషియా వంటి ఆధారాలను వెదకుతున్నారు. 2019లో కోబాల్టు, మాలిబ్డినం, ఇనుము, నికెల్, రాగి కలిపిన మిశ్రమం రుతీనియం కన్న మెరుగుగా పనిచేసినట్లు ప్రకటించారు. సంతోషమే. కాని మొదటి గంటల చురుకును చూసి మేము మురిసిపోము. వేల గంటలు నడిచి, ఎన్నోమార్లు చల్లారి, మళ్ళీ వేడెక్కిన తరువాత ఎంత మిగిలిందన్నదే మా ప్రశ్న.

ఎందుకంటే కారు నడిపే ఇంధన ఘటానికి ఇచ్చే ఉదజనిలో అమ్మోనియా కోటి పాళ్ళలో ఒక పాలు మించరాదు. వెనుక వడపోత ఉంటుంది, నిజమే. లోహం అలసిన కొద్దీ ఆ వడపోత మీద భారం పెరుగుతుంది.

రసాయన శాస్త్రం చదివే పిల్లలెవరైనా ఉంటే భోజనాల దగ్గర మమ్మల్ని కలవండి.