మత్తుమందు – మెలకువ



శస్త్రచికిత్స యనగనే గ్రామస్థుని భయపెట్టునది కత్తి కాదు, మత్తుమందు. “పడుకొన్నవాడు మరల లేచునా?” యని ఇంటివారి బెంగ. ఆ బెంగ మూఢత్వము కాదు. దానికి సమాధానము తెలిసికొనుట ప్రతి గృహస్థునకు అవసరము.

మన పెద్దలీ విషయమును ఆలోచింపకపోలేదు. శస్త్రకర్మకు ముందు, అలవాటు గలవానికి మద్యమిమ్మని సుశ్రుతుడు చెప్పెను. వైద్యులు భోజరాజును మోహచూర్ణముచే మూర్ఛపుచ్చి, కపాలమునకు చికిత్సచేసి, మరల మేల్కొలిపిన కథ భోజప్రబంధమున కలదు. మత్తు గొల్పినవాడే మేల్కొల్పవలెనని ఆ కథ తెలుపుచున్నది.

1888, 1889 సంవత్సరములలో నిజాము ప్రభువు ద్రవ్యసహాయముతో, ముక్కుతో పీల్చు క్లోరోఫారమును హైదరాబాదున రెండు సంఘములు పరీక్షించినవి. రోగి శ్వాసను కనిపెట్టియున్న చాలునని డాక్టరు ఎడ్వర్డు లారీ వాదించెను. ఆ మందు గుండెను సైతము ఆపగలదని తరువాత రుజువైనది.

నరములోని కెక్కించు మందులు పిమ్మట ప్రబలినవి. 1934లో అమెరికాలో థయోపెంటాలు వాడుకకు వచ్చెను. 1962లో అచ్చటనే తయారైన కెటమిను నొప్పినికూడ అణచును. పాలవలె తెల్లనైన ప్రొపొఫాలు 1986లో ఇంగ్లండున వాడుకకు వచ్చి, థయోపెంటాలు స్థానమును చాలవరకు ఆక్రమించినది.

ఇది పనిచేయు తీరు డెల్టా రైతునకు సులభముగా బోధపడును. ధవళేశ్వరము వద్ద తలుపులెత్తగా నీరు మొదట పెద్దకాలువను నింపి, పిదప పిల్లకాలువలగుండ చేలకు పారును. మరల వదలనిచో పెద్దకాలువ మట్టము తగ్గును. అట్లే ప్రొపొఫాలు, రక్తము మెండుగా పారెడి మెదడును సుమారు అర నిమిషములో చేరి స్పృహను హరించును. పిదప కండలకు, క్రొవ్వునకు వ్యాపింపగా మెదడున పలుచబడి, కొలది నిమిషములలో మెలకువ వచ్చును. కనుకనే శస్త్రచికిత్స ముగియువరకు యంత్రముతో కొంచెము కొంచెముగా ఆ మందునే వదలుచుందురు. లేదా పీల్చు మందు నిత్తురు.

లస్కరు కన్నుమూసిన కాలువ గట్టు తెగును. ప్రొపొఫాలు శ్వాసను మందగింపజేయును, రక్తపు పోటును తగ్గించును. కాబట్టి మత్తువైద్యుడు ఆద్యంతము శ్వాసను, నాడిని, రక్తపు పోటును కనిపెట్టియుండవలెను. రోగిని కాపాడునది మందు కాదు, ఆ జాగరణయే.

రోగికిని ఒక ధర్మము కలదు: నిజము చెప్పుట. ఇంటివారి జాలివలన చాటుగా తిన్న చల్దిముద్ద, మత్తులో గొంతుకెక్కి ఊపిరితిత్తులలో జొచ్చి ప్రాణము తీయవచ్చును. వైద్యుడు చెప్పిన ఉపవాసమును పాటింపవలెను. తిన్నచో తిన్నానని చెప్పవలెను. ఉబ్బసము, గుండెజబ్బు, త్రాగుడు, వాడుచున్న మందులు, ఇవేవియు దాచరాదు. ఒక్క పద్దు దాచిన లెక్క యంతయు తప్పును. ఇచ్చట తప్పిన లెక్కకు దిద్దుబాటు లేదు.

ఈ మాటను గ్రంథాలయమునకు రాలేని యింటివారికి చదువరులు తెలుపుదురు గాక!