స్లాబ్ వేడి సిమ్యులేషన్: రంగు మార్చినా ఆన్సర్ మారలేదా? తప్పు ఇక్కడుంది!

ఫలక్‌నుమాలో మా ఇంటి పై అంతస్తు నుంచి మాట్లాడుతున్నా. మే నెలలో రాత్రి పదకొండైనా ఈ గదిలో ఫ్యాన్ వేడి గాలే కొడుతుంది. నానమ్మకి నిద్ర పట్టదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కదా, మనమూ తెల్ల పెయింట్ వేయిద్దామా అని నాన్న అడిగారు. డబ్బు పెట్టే ముందు యాన్సిస్‌లో చూద్దాం అనుకున్నా.

ఫస్ట్ టైమ్ బోల్తా పడ్డా. స్లాబ్ పై ముఖానికి 42 డిగ్రీలు ఇచ్చి సాల్వ్ కొట్టా. రంగుల బొమ్మ సూపర్‌గా వచ్చింది. కానీ పెయింట్ వేసినా, వేయకున్నా ఆన్సర్ ఒకటే! పై ముఖం 42 అని నేనే ఫిక్స్ చేశాక ఇక పెయింట్‌కి పనేముంది?

ఎండలో స్లాబ్ గాలికన్నా ఎక్కువ కాలుతుంది. అందుకే టెంపరేచర్ కాదు, కన్వెక్షన్ ఇవ్వండి. ఫిల్మ్ కోఎఫిషెంట్ 20. యాంబియెంట్‌లో సోల్-ఎయిర్ టెంపరేచర్ పెట్టండి. అంటే గాలి వేడికి ఎండ వాటా కలిపి, ఆకాశంలోకి పోయే సుమారు 4 డిగ్రీలు తీసేయడం. ఎండ 900 వాట్లు అనుకుందాం. మామూలు కాంక్రీట్ అందులో 0.65 వంతు పీల్చుకుంటుంది: 0.65 × 900 ÷ 20, అంటే 29. 42 + 29 − 4 = 67. తెల్ల పెయింట్ 0.25 అయితే 49. తేడా చూశారా!

ఇది మిట్టమధ్యాహ్నం లెక్క. మీరు టేబుల్‌లో 24 గంటలకీ ఇవ్వండి.

కింద సీలింగ్‌కి కోఎఫిషెంట్ 6, గది గాలి 34. కాంక్రీట్ కండక్టివిటీ 1.6, డెన్సిటీ 2400, స్పెసిఫిక్ హీట్ 880.

స్టెడీ స్టేట్ వద్దు, ట్రాన్సియెంట్ థర్మల్ తీసుకోండి. ఐదు అంగుళాల స్లాబ్‌లో వేడి కిందికి దిగడానికి గంటలు పడుతుంది. నానమ్మ నిద్ర చెడగొట్టేది ఆ ఆలస్యమే. ఇంకోటి, ఇనీషియల్ టెంపరేచర్ డిఫాల్ట్‌గా 22 ఉంటుంది. మేలో మన స్లాబ్‌కి 22 ఎక్కడిది? అందుకే మూడు రోజులు నడిపి, చివరి రోజునే చూడండి.

చేత్తో కూడా చెక్ చేసుకోండి. మధ్యాహ్నం స్టెడీ లెక్కలో సీలింగ్ సుమారు 53, తెల్ల పెయింట్‌తో 43. ట్రాన్సియెంట్‌లో పీక్ దీనికన్నా తక్కువే రావాలి. ఎక్కువొస్తే యూనిట్లు చూసుకోండి.

ఆఖరికి దుమ్ము. మన దగ్గర తెలుపు ఎన్నాళ్లు తెల్లగా ఉంటుంది? 0.4 పెట్టి ఇంకోసారి రన్ చేయండి. అప్పుడు 56 వస్తుంది. అయినా 67 కన్నా నయమే. నాన్నకి అదే చెప్పా: పెయింట్ వేయిద్దాం, కానీ ఏటా ఎండాకాలం ముందు మేడ కడిగే డ్యూటీ నాది!

మీ ఇంటిది రేకుల కప్పా, స్లాబా? కామెంట్ పెట్టండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో రేకుల ఇల్లు చేద్దాం. బై!