కోచ్ తెలివికి కొలత ఏది?

(అన్నవరంలో జరిగిన మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను కమ్యుటేషన్ గురించి మాట్లాడమన్నారు. అది తెలియనివారు ఈ హాల్లో ఎవరూ లేరు, తెలిసి చేయగలిగిందీ లేదు. అందుచేత వారి అనుమతితోనే వేరే విషయం ఎత్తుకుంటున్నాను. బాస్కెట్‌బాల్ ఆట. నవ్వకండి. ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగిరీ చేసి సీనియర్ అసిస్టెంటుగా దిగిపోయినవాడికి బంతాటతో ఏం పని అని మీరు అనుకోవచ్చు. పని ఫైలుదే, ఆటది కాదు.

మా పెద్దమ్మాయి కొడుకు మన ప్రాంతంలోనే ఒక ఇంజనీరింగు కాలేజీలో మూడో సంవత్సరం చదువుతున్నాడు. కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టులో ఉన్నాడు. ఆ మధ్య ఏదో పోటీలో ఫైనల్ దాకా వెళ్ళి ఓడిపోయారు. ఆ ఆదివారం నా దగ్గరకు వచ్చి, "తాతయ్యా, మీరు ఒక అర్జీ రాసిపెట్టాలి. మా కోచ్‌కి వ్యూహం అంటే ఏమిటో తెలియదు. తీసెయ్యమని ప్రిన్సిపాల్‌గారికి ఇస్తాం. పదిహేడు సంతకాలు రెడీగా ఉన్నాయి" అన్నాడు.

సంతకాలు ముందు, విషయం తరువాత! మన ఆఫీసుల్లోనూ ఇదే వరస కదండీ.

"స్కోరు షీటు ఏదిరా?" అన్నాను.

"స్కోరు షీటు ఎందుకు తాతయ్యా, ఓడిపోయాం కదా" అన్నాడు.

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. ఎక్కడ తగిలిందో చివర్లో చెబుతాను.

కోచ్ వ్యూహం మంచిదా కాదా అన్నది గెలుపోటములను బట్టి చెప్పేయటం మన అందరికీ అలవాటు. మార్చి 31న గ్రాంటు ల్యాప్సయిందా లేదా అని చూసి, ఆ సెక్షన్ గుమాస్తా సమర్థుడా కాదా అని రాసేసినట్టు. అలాట్‌మెంటే మార్చి 29న వచ్చిందనుకోండి, గుమాస్తా ఏం చేస్తాడు? అదే అలాట్‌మెంటు జూన్‌లో వచ్చినవాడు నిద్రపోతూ కూడా ఖర్చు పెట్టగలడు. ఆటలోనూ అంతే. కోచ్ చేతికి ఎలాంటి కుర్రాళ్ళు వచ్చారు, ఎవరికి కాలు బెణికింది, ఎదుటి జట్టు ఎలాంటిది, ఇవన్నీ తీసేశాక మిగిలేదే వ్యూహం. ఆ మిగిలినదాన్ని పట్టుకోవటం కష్టం.

మన తెలుగు నేల మీద ఈ పరీక్షకు నిలబడే ఒక పెద్దమనిషి ఉన్నారు. హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీంగారు. 1909లో పుట్టారు. వృత్తికి బడిపంతులు. ఫుట్‌బాల్ శిక్షణలో ఆయనంతటివాడు మన దేశంలో మళ్ళీ పుట్టలేదంటారు. 2024లో ఆయన మీద హిందీలో "మైదాన్" అనే సినిమా కూడా వచ్చింది. మా మనవడు అది చూశాడు, అందుకే ఆయన పేరు చెబితే విన్నాడు. సినిమా సంగతి అలా ఉంచి, నేను రహీంగారి రికార్డును ఆడిట్‌వాడిలా చూశాను. పొగడ్తలకు ముందు అభ్యంతరాలు రాసుకున్నాను.

1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం. ఫైనల్లో ఇరాన్ మీద 1-0. చాలా బాగుంది. మరుసటి ఏడాది, 1952లో, హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10. పది గోల్స్! కోచ్ ఆయనే. మనవాళ్ళు చాలామంది ఉత్తకాళ్ళతో ఆడారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం వచ్చింది. ఈనాటికీ మనవాళ్ళు గొప్పగా చెప్పుకునేది అదే. కానీ ఫైలు తిరగేస్తే ఏముంది? మొదట హంగరీ రానేలేదు, వాకోవర్. తరువాత ఆస్ట్రేలియా మీద 4-2 గెలుపు, నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. సెమీఫైనల్లో యుగోస్లావియా చేతిలో 1-4. మూడో స్థానం కోసం బల్గేరియాతో 0-3. అంటే గెలిచింది ఒక్క ఆట. 1960 రోమ్‌లో అయితే ఒక్కటీ గెలవలేదు. ఫ్రాన్సుతో 1-1 డ్రా, హంగరీ చేతిలో 1-2, పెరూ చేతిలో 1-3.

ఉత్త అంకెలు చూసి కాన్ఫిడెన్షియల్ రిపోర్టు రాసే ఆఫీసరు 1956కి "అత్యుత్తమం" అనీ, 1960కి "సంతృప్తికరం కాదు" అనీ రాస్తాడు. అదే ఆఫీసరు కాస్త ఓపిగ్గా చూస్తే వేరే సంగతులు కనిపిస్తాయి. యుగోస్లావియాతో 1952లో 1-10, నాలుగేళ్ళ తరువాత అదే దేశంతో 1-4, అందులోనూ మొదటి గోల్ మనవాళ్ళే కొట్టారు. 1960లో మనల్ని ఒకే గోల్ తేడాతో ఓడించిన హంగరీ ఆ క్రీడల్లో కంచు పతకం తెచ్చుకున్న జట్టు. ఏమీ గెలవని రోమ్ యాత్రలోనే ఆయన పనితనం ఎక్కువ కనిపిస్తుందని నా అభిప్రాయం. మీరు కాదంటే వాదించను.

ఇక 1962 జకార్తా. ఆసియా క్రీడలు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. ఆ రాత్రికే ఇక్కడ ఎవరో అర్జీ రాసి ఉంటారు, సందేహం లేదు! తరువాత థాయిలాండ్ మీద, జపాన్ మీద గెలిచారు. ఈలోగా జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. జర్నైల్ సింగ్ అంటే మన రక్షణకు కంచుకోట, వెనక నిలబడి ఎదుటివాడిని రానివ్వని మనిషి. తలకు కట్టుతో ఉన్న అలాంటివాడిని ఏం చేయాలి? కూర్చోబెట్టాలి, లేదా పాత చోటే ఆడించాలి. మామూలు బుర్రకు ఈ రెండే తోస్తాయి. రహీంగారు ఆయన్ని తీసుకెళ్ళి ముందు వరసలో, గోల్ కొట్టే చోట నిలబెట్టారు.

నేను ఈ నిర్ణయాన్ని చాలాసార్లు తిప్పి తిప్పి ఆలోచించాను. వెనక ఉన్నవాడు ఒక్క క్షణం తడబడితే గోల్ అయిపోతుంది. ముందున్నవాడు తడబడితే ఒక అవకాశం పోతుంది, అంతే. పైగా అంత భారీ మనిషి తమ మీదికి వస్తాడని ఎదుటివాళ్ళు అనుకోరు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచాం, ఒక గోల్ జర్నైల్‌ది. ఫైనల్లో మళ్ళీ అదే దక్షిణ కొరియా. స్టేడియం నిండా మనకు వ్యతిరేకంగా అరిచే జనం. 2-1తో మనం గెలిచాం. ఒక గోల్ పి.కె. బెనర్జీది, రెండోది జర్నైల్‌ది.

మొదటి ఆటలో 0-2తో ఓడించినవాళ్ళను రెండు వారాలు తిరక్కుండానే 2-1తో ఓడించటం! అదే మనుషులు, అదే కోచ్. ఈ మధ్యలో మారింది ఏదో అదే వ్యూహం. అప్పటికే ఆయన ఒంట్లో జబ్బు ముదురుతోంది. 1963 జూన్‌లో కేన్సర్‌తో పోయారు. యాభై నాలుగు కూడా నిండలేదు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్ళీ బంగారం రాలేదు.

ఇంకో మాట. ఎదుటివాడితో ఆడే పూట పన్నే ఎత్తుగడ ఒక్కటే వ్యూహం కాదు. బలహీనమైన కాలితోనే బంతి తన్నాలని నియమం పెట్టి రహీంగారు కుర్రాళ్ళకు పోటీలు జరిపించేవారట. అది చూసినవాడికి పిచ్చిపనిలా ఉంటుంది. ఫలితం నాలుగేళ్ళకు కనిపిస్తుంది. అప్పటికి కోచ్ ఉంటాడో ఉండడో.

బాస్కెట్‌బాల్‌కి వద్దాం. ఈ ఆటను 1891లో అమెరికాలో కనిపెట్టినాయన జేమ్స్ నెయిస్మిత్. ఆయన కాన్సాస్ యూనివర్సిటీలో కోచ్‌గా 55 ఆటలు గెలిచి 60 ఓడిపోయాడు. ఆ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ కోచ్‌లందరిలో గెలుపుల కన్నా ఓటములు ఎక్కువున్నది ఆయనొక్కడికేనట. ఆటను పుట్టించినవాడికే ఆ గతి! మా మనవడికి ఇది చెబితే, "అయితే ఆయన్నీ తీసెయ్యాల్సిందే" అన్నాడు నవ్వుతూ.

సరే, వాడి చేత స్కోరు షీటు ఫోటో తెప్పించాను. ఎవరో సెల్‌ఫోన్లో తీసిన వీడియో కూడా చూపించాడు. తాతా మనవలం రెండు సాయంత్రాలు కూర్చున్నాం. ఇప్పటి ఆట పది నిమిషాల చొప్పున నాలుగు భాగాలు. రెండో సగంలో కోచ్ మూడుసార్లు ఆట ఆపి తన కుర్రాళ్ళతో మాట్లాడవచ్చు, దాన్నే టైమవుట్ అంటారు. నేను చూసింది ముఖ్యంగా ఆ టైమవుట్లనే. ఎందుకంటే ఆ నిమిషం మాత్రమే పూర్తిగా కోచ్‌ది. ఆ తరువాత రెండు మూడు నిమిషాల్లో జట్టు ఏం చేసిందో చూస్తే, లోపల ఏం చెప్పాడో చూచాయగా తెలుస్తుంది. ఎదుటివాడు ఒకే దారిన పదేపదే కొడుతుంటే ఆ దారి ఎంతసేపటికి మూశాడన్నది రెండోది. నాలుగు ఫౌల్స్ అయినవాడిని ఎలా కాపాడుకున్నాడన్నది ఇంకొకటి, ఎందుకంటే అయిదో ఫౌల్‌తో బయటకు పోవాల్సిందే.

తేలిందేమిటంటే, మనవడి కోపంలో సగం న్యాయం ఉంది. వీళ్ళు ముందు ఇద్దరు, వెనక ముగ్గురు నిలబడి ఎవరి జాగా వాళ్ళు కాపాడుకునే పద్ధతిలో ఆడారు. ఆ పద్ధతిలో మూలలు ఖాళీగా ఉంటాయి. మూడో భాగంలో ఎదుటి జట్టు కుర్రాడొకడు ఒకే మూల నుంచి నాలుగుసార్లు మూడు పాయింట్ల బంతి వేశాడు. పన్నెండు పాయింట్లు! కోచ్ కదల్లేదు. టైమవుట్ ఒక్కటే తీసుకున్నాడు, అదీ చివరి నిమిషంలో. ఓడింది తొమ్మిది పాయింట్లతో.

కానీ ఇదే ఎదుటి జట్టుతో అంతకు నాలుగు రోజుల ముందు ఆడినప్పుడు వీళ్ళు ఓడింది ఇరవై నాలుగుతో. ఆ సంగతి అర్జీ చిత్తులో లేదు.

"వెళ్ళి ఆయన్నే అడుగు" అన్నాను. వాడికి ఇష్టం లేదు. అయినా వెళ్ళాడు. కోచ్ చెప్పిందేమిటంటే, జట్టులో ఇద్దరికి మడమ బెణికింది, ఆ సంగతి ఎదుటివాళ్ళకు పొక్కకూడదని మిగతావాళ్ళకూ చెప్పలేదు, ఒక్కొక్కడు ఒక్కొక్కడి వెంట పరిగెత్తే ఆట ఆ ఇద్దరూ ఆడలేరు, అందుకే పద్ధతి మార్చలేదు. టైమవుట్ల సంగతి అడిగితే, "అది నా తప్పే. పడిపోయిన గాలి దానంతట అదే లేస్తుందని చూస్తూ కూర్చున్నాను" అన్నాడట. ఈ రెండో జవాబు నాకు నచ్చింది. మన ఆఫీసుల్లో ఎక్స్‌ప్లనేషన్ అడిగితే ఇలా రాసినవాడిని నేను చూడలేదు, నాతో సహా.

మా వాడు తన సంతకం కొట్టేశాడు. ఇంకో అయిదుగురు కూడా. మిగిలిన పదకొండు సంతకాలతో అర్జీ వెళ్ళింది. ఎవరు రాసిపెట్టారో తెలియదు, నేను మాత్రం కాదు.

ఇప్పుడు నాకు ఎక్కడ తగిలిందో చెబుతాను. ఇది మా ఇంట్లో కూడా ఎవరికీ చెప్పలేదు.

1972లో నేను డిగ్రీ చదువుతున్నప్పుడు మా కాలేజీకి బాస్కెట్‌బాల్ జట్టు ఉండేది. నాకు ఆడటం రాదు కానీ దస్తూరీ బాగుంటుందని స్కోరు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టేవారు. అప్పట్లో ఇరవై నిమిషాల చొప్పున రెండు భాగాలు, మూడు పాయింట్ల గీత ఇంకా రాలేదు. ఒక ఫైనల్లో ఆరు నిమిషాలు ఉందనగా మేము 51-46తో ముందున్నాం. అప్పుడు మా మాస్టారు జట్టులో అందరికన్నా మంచి ఆటగాణ్ణి, కెప్టెన్‌ని, బయటకు పిలిచి కూర్చోబెట్టారు. నాలుగు నిమిషాల్లో 53-53 అయింది. మళ్ళీ పంపారు. చివరకు 57-58తో ఓడిపోయాం.

కాలేజీ భగ్గుమంది. గెలిచే ఆటను మాస్టారు చేజేతులా పోగొట్టారన్నారు, ఆయనకు ఆట తెలియదన్నారు, ఇంకా నోటికి రాని మాటలు కూడా అన్నారు. అర్జీ రాసింది నేను. నా జీవితంలో మొదటి డ్రాఫ్టు అదే. ఆరు పేరాలు. నెల తిరక్కుండా ఆటల బాధ్యత మాస్టారి నుంచి తీసేశారు. ఆయన మరుసటి ఏడాదికి ఆ ఊళ్ళోనే లేరు. ఎక్కడికి వెళ్ళారో నేను కనుక్కోలేదు.

ఆ కెప్టెన్‌కి అప్పటికి నాలుగు ఫౌల్స్ అయ్యాయండీ. అందుకే మాస్టారు వాడిని ఆఖరి నిమిషాలకు దాచుకున్నారు. మళ్ళీ లోపలికి వెళ్ళిన నిమిషంన్నరలో వాడు అయిదో ఫౌల్ చేసి బయటకు వచ్చాడు. బల్ల మీద అయిదో నంబరు పలక పైకెత్తింది నేనే. స్కోరు షీట్లో ఆ గీత గీసింది కూడా నేనే. అర్జీ రాసేటప్పుడు ఆ షీటు నా ఎదురుగానే ఉంది. ఆరు పేరాల్లో ఎక్కడా ఆ మాట రాయలేదు. మరిచిపోయి కాదు. రాస్తే అర్జీ నిలవదని తెలిసే రాయలేదు.

తరువాత సర్వీసులో ఎన్ని నోట్లు పెట్టానో లెక్క లేదు. ఫైల్లో ఉన్న కాగితాన్ని నోట్లో దాచిపెట్టానన్న మాట మాత్రం మళ్ళీ పడకుండా చూసుకున్నాను. అది మాస్టారికి ఏ విధంగానూ చేరదు.

ఆ అర్జీ కార్బన్ కాపీ ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలో ఉంది. మొన్న తీసి మనవడి చేతికిచ్చాను. ఆరు పేరాలూ నిదానంగా చదివాడు. స్కోరు షీటు సంగతి కూడా చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తరువాత, "దస్తూరీ మాత్రం చాలా బాగుంది తాతయ్యా" అని కాగితం మడిచి ఇచ్చేశాడు.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. కొండ మీద నుంచి ప్రసాదాలు కూడా వచ్చినట్టున్నాయి.