గాలికి పుట్టి కొట్టుకుపోకుండా

కొన్ని మోటారు పడవలకు ముందు అద్దం ఉంటుంది. గాలినీ, తుంపర్లనూ ఆపుతుంది. చేపలు పట్టే మన గుండ్రటి బుట్ట పడవకు, అంటే పుట్టికి, ఆ అద్దం లేదు. ఎదురుగాలి నేరుగా మనిషికే తగులుతుంది.

కంభం చెరువు సంగతే చూడండి. కొండల మధ్య గుండ్లకమ్మ నదికి అడ్డంగా కట్టిన పాత చెరువు అది. 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు పొందింది. అంత విశాలమైన నీటి మీద గాలికి అడ్డేముంటుంది?

పుట్టి అంటే వెదురు బద్దల అల్లిక, పైన పట్టా, దానికి తారు పూత. తేలికగా ఉంటుంది. అదే దాని సుఖం, అదే దాని కష్టం. ఒడ్డున వదిలేస్తే గాలికి చక్రంలా దొర్లిపోతుంది. అందుకే బోర్లించండి. చెట్టుకో గుంజకో తాడుతో కట్టండి. పైన బరువు పెట్టాలంటే ఇసుక మూట చాలు. అంచు పదునైన పలకరాళ్లు మాత్రం వద్దు, పట్టా చిరుగుతుంది.

గాలి తర్వాత శత్రువు ఎండ. తారు మెత్తబడుతుంది, తర్వాత పగులుతుంది. నీడన ఉంచండి. రాళ్ల మీద ఈడ్చకండి, మోసుకెళ్లండి.

చిల్లులు తెలిసేదెలా? పుట్టిని సూర్యుడి వైపు ఎత్తి లోపలి నుంచి చూడండి. వెలుతురు చుక్క కనపడిందా, అక్కడే చిల్లు. బాగా ఆరాక గుడ్డ ముక్క వేసి తారు పూయండి.

మళ్లీ చెబుతున్నా: బోర్లించండి, కట్టండి, నీడన ఉంచండి. వేసవి సాయంత్రం ఈదురుగాలి లేచే సూచన కనిపిస్తే, వల నీటిలో ఉన్నా సరే, ఒడ్డుకు వచ్చేయండి. లైఫ్ జాకెట్ వేసుకోకుండా పుట్టి ఎక్కకండి.