అరిగిన బుష్షు, అసలు కొలత



వృత్తి గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నా ఉద్యోగం గురించి చెబితే మీకు నిద్రొస్తుంది. అందుకని మా నాన్నగారి కారు గురించి చెబుతాను. 1978 నాటి మార్క్ 3 అంబాసిడర్. మీలో కొందరు దాన్ని బడి గేటు దాకా తోసినవాళ్లే.

బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నమూనాతో పుట్టిన ఈ కారు తయారీ 2014లో ఆగిపోయింది. ఇంజను సామాను ఇంకా వెతికితే దొరుకుతుంది. ఏడిపించేవి చిన్నవే: అద్దం చుట్టూ రబ్బరు బీడింగు, తలుపు పిడి, బ్రేకు వాషర్లు. పాత అచ్చులు తుక్కులోకి పోయాయి. కొత్త అచ్చు చేయమంటే వందల్లో ఆర్డరిమ్మంటారు. మనకు కావలసింది ఒక్కటి. ఆ సందులోకే నకిలీలు దూరతాయి.

ఆరేళ్ల క్రితం మాస్టర్ సిలిండర్‌కు కొత్త రబ్బరు కిట్టు వేయించాను. ప్యాకెట్ అచ్చం పాతదానిలాగే ఉంది. మూడు వారాలకు, నాన్నగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంటే, దారిలో బండి బరువెక్కింది. కాలిన వాసన. దిగి చూస్తే చక్రాల డ్రమ్ములు సెగలు కక్కుతున్నాయి. పెడల్ వదిలినా బ్రేకు వదలడం లేదు.

విప్పితే వాషరు నానిన శనగగింజలా ఉబ్బి ఉంది. బ్రేకు ఆయిల్ మామూలు నూనె కాదు, గ్లైకాల్. దానికి ఈపీడీఎం రబ్బరు ఆగుతుంది. పెట్రోలుకు ఆగే నైట్రైల్ రబ్బరు ఇందులో ఉబ్బుతుంది. రెండూ నల్లగానే ఉంటాయి, కంటికి తేడా తెలియదు. ఉబ్బిన వాషరు ఆయిల్ వెనక్కి వెళ్లే సన్నటి రంధ్రాన్ని మూసేసింది. నాన్నగారు మైలురాయి మీద కూర్చుని ఒకటే అడిగారు: "ఇంజనీరువి, చూసుకోలేదురా?" చూడలేదు. ప్యాకెట్ మాత్రమే చూశాను.

ఇప్పుడు కొత్త కిట్టు కొంటే, ఒక వాషరును కొన్నాళ్లు బ్రేకు ఆయిల్లో నానబెట్టి, ముందూ వెనకా వెర్నియర్‌తో కొలిచాకే బండికి వేస్తాను.

ఇంకో సంగతి. ఒక బుష్షు లోపలి కొలత 22.3 మిల్లీమీటర్లు వచ్చింది. అలాగే చేయమని లేతు మేస్త్రికి చెప్పబోయి ఆగాను. చేస్తే కొత్తదానికి పాత అరుగుదల కూడా వచ్చేస్తుంది. ఇది అంగుళాల్లో గీసిన బండి. అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులంటే 22.225. అదీ అసలు కొలత. "కొలిచే ముందు జీరో ఎర్రర్ చూడండిరా" అని ఈ బడి ల్యాబులో మా చేతి మీద కొట్టి నేర్పిన సైన్సు మాష్టారు ముందు వరుసలోనే ఉన్నారు. మాష్టారూ, ఆ దెబ్బ ఇన్నేళ్లకు పనికొచ్చింది.

మీలో వర్క్‌షాపులు నడిపేవాళ్లున్నారు. పాత డ్రాయింగులు, పాత అచ్చులు తుక్కుకు వేసేముందు ఒక్క ఫోన్ చేయండి. నాలాంటివాళ్లం నలుగురం కలిస్తే ఒక ఆర్డరవుతుంది.

నాన్నగారు మళ్లీ ముందు సీట్లో కూర్చుంటున్నారు. కాకపోతే తాళం తిప్పేముందు ప్రతిసారీ "చూశావా?" అంటారు. చూశాననే చెబుతున్నాను, చూసే చెబుతున్నాను.