లేదని చెప్పింది ఎవరు? యూనిక్స్ వ్యవస్థల్లో పేరు విచారణ క్రమం

యూనిక్స్ తరహా ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఒక డొమైన్ పేరుకు సరిపోయే ఐపీ చిరునామాను కనుగొనే ఏర్పాటు ఈ ఉపన్యాసానికి విషయం. లినక్స్, ఫ్రీబీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ వంటి వ్యవస్థలన్నింటిలోనూ ఈ ఏర్పాటు ఎవరైనా తెరిచి చదవగలిగిన కొద్దిపాటి ఫైళ్లలోనే ఉన్నా, ఒక ప్రశ్న ఎవరెవరి దగ్గరకు ఏ వరుసలో వెళ్తుందన్న సంగతి వాటిలో ఏ ఒక్క ఫైలు చదివినా పూర్తిగా బోధపడదు. ఆ వరుస తెలిసిన నిర్వాహకుడికి ఈ విద్య అంతా సులభమనీ, తెలియనివారికి సరైన మార్పు కూడా గుడ్డిదెబ్బే అవుతుందనీ చూపడం ఈ ప్రసంగం ఉద్దేశం.

ఈ వరుస ఎందుకు ఏర్పడిందో చరిత్ర చెబుతుంది. ఆర్పానెట్ కాలంలో నెట్‌వర్క్‌లోని కంప్యూటర్ల పేర్లూ చిరునామాలూ హోస్ట్స్ టెక్స్ట్ అనే ఒకే జాబితాలో ఉండేవి. కాలిఫోర్నియాలోని ఎస్ఆర్ఐ సంస్థలో నడిచిన నెట్‌వర్క్ ఇన్ఫర్మేషన్ సెంటర్ దానిని నిర్వహిస్తే, మిగిలిన కేంద్రాలు ఎప్పటికప్పుడు దాని ప్రతిని తెచ్చుకునేవి. కంప్యూటర్ల సంఖ్య పెరిగేకొద్దీ ఒకే చోట ఒకే జాబితాను సరిగా ఉంచడం అసాధ్యమవడంతో, ప్రతి సంస్థా తన పేర్లకు తానే బాధ్యత వహించే డొమైన్ నేమ్ సిస్టమ్‌ను, అంటే డీఎన్ఎస్‌ను, పాల్ మొకాపెట్రిస్ రూపొందించి 1983లో ఆర్ఎఫ్‌సీ 882, 883 పత్రాలలో వివరించారు. 1987లో వచ్చిన 1034, 1035 పత్రాలు వాటి స్థానాన్ని తీసుకున్నాయి. యూనిక్స్ కోసం బైండ్ అనే డీఎన్ఎస్ సర్వర్‌ను బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు రాశారు. అయితే కొత్త పద్ధతి వచ్చినా పాత జాబితా అంతరించలేదు. ఈటీసీ డైరెక్టరీలో హోస్ట్స్ అనే ఫైలుగా అది నేటికీ ప్రతి యంత్రంలోనూ ఉంది. రెండు కాలాల పద్ధతులు ఒకే యంత్రంలో కలిసి ఉన్నప్పుడు ముందు దేనిని అడగాలో తేల్చే నియమం అవసరమయింది.

జీలిబ్‌సీ అనే సీ లైబ్రరీ మీద ఆధారపడిన లినక్స్‌లలో ఆ నియమం ఈటీసీలోని ఎన్ఎస్‌స్విచ్ కాన్ఫ్ ఫైలులో ‘హోస్ట్స్’ అని మొదలయ్యే పంక్తిలో ఉంటుంది. ఆ పంక్తిలో ‘ఫైల్స్’, ఆ తరువాత ‘డీఎన్ఎస్’ అని ఉంటే, వ్యవస్థ ముందుగా హోస్ట్స్ ఫైలును చూసి, పేరు అక్కడ దొరికితే అంతటితో ఆగి, దొరకకపోతేనే డీఎన్ఎస్ సర్వర్‌ను అడుగుతుంది. ఎన్నడో పరీక్ష కోసం హోస్ట్స్ ఫైలులో రాసి మరిచిపోయిన ఒక చిరునామా, అసలు సర్వర్ మరో చోటుకు మారిన తరువాత కూడా ఆ ఒక్క యంత్రాన్ని పాత చోటికే పంపుతూ ఉండటానికి కారణం ఇదే.

డీఎన్ఎస్ వంతు వచ్చినప్పుడు చూడవలసినది ఈటీసీలోని రిజాల్వ్ కాన్ఫ్ ఫైలు. ఇంగ్లీషులో ఈ పేరును ‘రిజాల్వ్’ చివర ‘ఇ’ అక్షరం లేకుండా రాయాలి. ఇందులో ‘నేమ్‌సర్వర్’ పంక్తి ఎవరిని అడగాలో, ‘సెర్చ్’ పంక్తి పొట్టి పేరుకు ఏ డొమైన్‌ను తగిలించి చూడాలో, ‘ఆప్షన్స్’ పంక్తి ఎంతసేపు వేచి ఉండాలో వంటి వివరాలను తెలుపుతాయి. జీలిబ్‌సీ మొదటి మూడు నేమ్ సర్వర్లను మాత్రమే పరిగణిస్తుంది. ఒక్కొక్కదాని కోసం మామూలుగా 5 సెకన్లు వేచి చూసి, జాబితాను మొత్తం 2 సార్లు తిరుగుతుంది. మొదటి సర్వర్ పనిచేయకపోతే నెట్‌వర్క్ ఆగిపోదు గానీ, ప్రతి కొత్త విచారణా 5 సెకన్ల పాటు నిలిచి సాగుతుంది.

సర్వర్లను వరుసగా రాసే ఈ పద్ధతి మీద ఒక అపోహ బలంగా ఉంది. సంస్థ లోపలి పేర్లు తెలిసిన సర్వర్‌ను ఒక పంక్తిలోనూ, బయటి ప్రపంచం తెలిసిన సర్వర్‌ను మరో పంక్తిలోనూ రాస్తే, ఒకరికి తెలియనిది రెండోవారు చెబుతారని పలువురు భావిస్తారు. వాస్తవంలో రెండో సర్వర్ వంతు మొదటిది జవాబు ఇవ్వలేకపోయినప్పుడే వస్తుంది. మొదటిది ‘అలాంటి పేరు లేదు’ అని స్పష్టంగా చెబితే అదే తుది తీర్పు. భారతీయ తర్కశాస్త్రం అభావాన్ని కూడా ఒక పదార్థంగా లెక్కించిందని తెలిసినవారికి ఈ భేదం కొత్త కాదు: లేదని తెలియడం వేరు, ఉందో లేదో తెలియకపోవడం వేరు. కనుక ఆ ఫైలులోని సర్వర్లన్నీ ఒకే ప్రశ్నకు ఒకే జవాబు చెప్పగలిగినవై ఉండాలి. లోపలి, బయటి పేర్లను విడదీసి పంపవలసి వస్తే, ఆ పనిని అదే యంత్రంలో నడుస్తూ పేర్లను విచారించే అన్‌బౌండ్ వంటి స్థానిక రిజాల్వర్‌కు అప్పగించాలి.

అన్ని వ్యవస్థలూ ఈ నియమాలనే పాటించవు. ఓపెన్‌బీఎస్‌డీలో ఎన్ఎస్‌స్విచ్ ఫైలు లేదు. ఫైలు ముందా డీఎన్ఎస్ ముందా అన్నది రిజాల్వ్ కాన్ఫ్‌లోనే ‘లుకప్’ అనే పంక్తి తేలుస్తుంది. ఆల్పైన్ లినక్స్ వాడే మసల్ లైబ్రరీ సర్వర్లన్నింటినీ ఒకేసారి అడిగి, ముందు వచ్చిన జవాబును స్వీకరిస్తుంది. సిస్టమ్‌డీ రిజాల్వ్‌డీ అనే స్థానిక రిజాల్వర్ నడిచే లినక్స్‌లలో రిజాల్వ్ కాన్ఫ్ తరచుగా మరో ఫైలుకు లంకెగా ఉండి, 127.0.0.53 అనే సొంత యంత్రపు చిరునామాను మాత్రమే చూపుతుంది. అసలు సర్వర్లు ఎవరో రిజాల్వ్‌సీటీఎల్ ఆజ్ఞ తెలుపుతుంది. ఇటువంటి చోట్ల ఫైలును చేత్తో దిద్దితే, దానిని తయారు చేసే ప్రోగ్రామ్ ఆ దిద్దుబాటును చెరిపివేయవచ్చు. కనుక ఫైలును మార్చేముందు దానిని ఎవరు రాస్తున్నారో తెలుసుకోవాలి.

తెలుగు లిపిలోని ‘.భారత్’ వంటి డొమైన్లకూ ఈ క్రమమే వర్తిస్తుంది. బ్రౌజర్ తెలుగు పేరును ప్యూనీకోడ్ అనే పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అడ్డగీతలు మాత్రమే ఉన్న రూపంలోకి మార్చిన తరువాతే ప్రశ్న బయలుదేరుతుంది కాబట్టి, పరీక్ష కోసం హోస్ట్స్ ఫైలులో అటువంటి పేరును చేర్చదలచినవారు ఆ మారిన రూపాన్నే రాయాలి.

ఇక లోపం ఎక్కడుందో కనిపెట్టే పద్ధతి కూడా ఈ వరుస నుంచే పుడుతుంది. డిగ్ అనే ఆజ్ఞ హోస్ట్స్ ఫైలునూ ఎన్ఎస్‌స్విచ్‌నూ పట్టించుకోకుండా నేరుగా డీఎన్ఎస్ సర్వర్‌ను అడుగుతుంది. గెట్ఎంట్ ఆజ్ఞ మాత్రం సాధారణ ప్రోగ్రాములు నడిచే దారిలోనే నడుస్తుంది. రెండూ ఒకే జవాబు ఇస్తే విచారణను సర్వర్ వైపు సాగించాలి. జవాబులు వేరైతే ముందుగా యంత్రంలోని ఫైళ్లనే వెతకాలి. రెండూ సరైన జవాబే ఇచ్చి బ్రౌజర్ ఒక్కటే తప్పుతున్నప్పుడు, అది తన సొంత జ్ఞాపకం నుంచి పాత జవాబును తీస్తున్నదేమో, లేక వ్యవస్థను దాటి హెచ్‌టీటీపీఎస్ ద్వారా మరో సర్వర్‌ను అడుగుతున్నదేమో చూడాలి.

పేరు దొరకలేదన్న సందేశం తెర మీద కనిపించగానే సర్వర్ చిరునామాలను మార్చి చూడటం నిర్వాహకులలో పాతుకుపోయిన అలవాటు. ఆ సందేశం వెనుక హోస్ట్స్ ఫైలు, స్థానిక రిజాల్వర్, సంస్థ సర్వర్, బయటి సర్వర్ అనే సాక్షులు వరుసగా నిలిచి ఉంటారు. లేదని చెప్పింది వారిలో ఎవరో, అసలు ఎవరైనా చెప్పారో లేదో తేల్చుకున్న నిర్వాహకుడు ఒక్క పంక్తిని మార్చినా, ఆ మార్పు ఎందుకు పనిచేసిందో తన తరువాత వచ్చేవారికి వివరించి చెప్పగలుగుతాడు.