నురగను లెక్కపెడదాం



నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ మనిషిని. అయినా బడికెళ్ళే పిల్లలున్న ఇంట్లో సైన్స్ ఫెయిర్ వచ్చిందంటే ప్రతి తల్లీ తండ్రీ ఏదో ఒక శాస్త్రం మళ్ళీ చదువుకోక తప్పదు కదా! అలా చదువుకున్న ఒక చిన్న ప్రయోగం గురించి నాలుగు మాటలు చెబుతాను.

గాయం మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే బుసబుసమని నురగ వస్తుంది. మన రక్తంలో ఉన్న కాటలేజ్ అనే ఎంజైము ఆ పెరాక్సైడును నీరుగా, ఆక్సిజనుగా విడగొడుతుంది. బంగాళదుంపలోనూ, రొట్టెల పిండిలో కలిపే ఈస్టులోనూ ఇదే ఎంజైము ఉంది. ఎంజైము కంటికి కనపడదు. అది వదిలిన వాయువును కొలిస్తే దాని పనితనం తెలుస్తుంది.

సీసాలో పలచన చేసిన పెరాక్సైడు కొద్దిగా పోసి, ఈస్టు కలిపిన నీళ్ళు నాలుగు చుక్కలు వేసి, మూతిలో ఆక్సిజన్ సెన్సారు పెట్టండి. గాలిలో మామూలుగా ఉండే 21 శాతం దగ్గర మొదలైన గీత కంప్యూటరు తెర మీద పైకి లేస్తుంది.

అసలు ప్రశ్న ఇక్కడే వస్తుంది. ఆ గీతలో దేన్ని చూడాలి? పిల్లలు సాధారణంగా చివరి అంకె రాసుకుంటారు. కానీ మొత్తం ఎంత ఆక్సిజను వస్తుందన్నది మనం పోసిన పెరాక్సైడును బట్టి ఉంటుంది. మందుల షాపులో దొరికే 3 శాతం పెరాక్సైడు ఒక మిల్లీలీటరు పూర్తిగా విడిపోతే సుమారు 10 మిల్లీలీటర్ల ఆక్సిజను వస్తుంది. ఈస్టు సగమే వేసినా, అది మధ్యలో చెడిపోకపోతే, చివరికి వచ్చేది అంతే. కాకపోతే ఆలస్యంగా వస్తుంది. కాబట్టి ఎంజైము సత్తా గీత వాలులో ఉంది. అదీ మొదట్లోనే చూడాలి, పెరాక్సైడు తరిగేకొద్దీ గీత వంగిపోతుంది. శాస్త్రజ్ఞుల లెక్కలోనూ అంతే: నిమిషానికి ఒక మైక్రోమోలు పదార్థాన్ని మార్చే ఎంజైము ఒక యూనిట్.

పక్కన ఇంకో రెండు సీసాలు కూడా ఉండాలి. పెరాక్సైడు తనంతట తాను కూడా మెల్లగా విడిపోతుంది గనుక ఈస్టు వేయనిది ఒకటి. ఉడికించిన ఈస్టు వేసింది ఇంకొకటి. వేడికి ఎంజైము ఆకారం చెడి పని ఆగిపోతుంది. ఈ రెండూ లేకపోతే మొదటి సీసా చెప్పేది సాక్ష్యం లేని మాటే. ఆక్సిజన్ సెన్సారుకు బదులు పీడన సెన్సారు వాడితే మరో చిక్కు: ఈ చర్యలో వేడి పుడుతుంది, వేడెక్కిన గాలి కూడా పీడనాన్ని పెంచుతుంది. అన్నట్టు, కళ్ళజోడు మరవకండి. పెరాక్సైడు ఎక్కువ పోసి సీసా బిగించకండి.

కొలవడం చిన్న పని అనుకునేవారికి మన యల్లాప్రగడ సుబ్బారావు గారిని గుర్తుచేస్తాను. భీమవరంలో పుట్టిన ఆయన, హార్వర్డులో ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని రంగుతో కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఆ కొలత చేతికొచ్చాకే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ గురించీ, 1929లో ఏటీపీ గురించీ లోకానికి చెప్పగలిగారు. ఫాస్ఫేటును విడుదల చేసే ఎంజైముల పనిని లెక్కకట్టడానికీ ఆ పద్ధతి పనికొచ్చింది.

మన పిల్లలకు సెన్సార్లు, తెరలు, గ్రాఫులు సులువుగా దొరుకుతున్నాయి. అంకె కనిపించగానే నమ్మేయకుండా, "ఇది దేన్ని కొలుస్తోంది?" అని అడగడం మాత్రం మనమే నేర్పాలి.